రెండో అంతస్తులో సంతాపం

దిండ్లాయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇరవై మంది బంధువుల్ని పదకొండు గంటలకల్లా దుకాణం రెండో అంతస్తుకి రప్పించాలి. వాళ్ళు ఒక అరగంట దుప్పట్లు తడిమి, దిండ్లు నొక్కి, ధర అడిగి, ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాలి. ఏమీ కొననక్కర్లేదు. ఏమీ కొనకుండా దుకాణమంతా తిరగడంలో తన బంధువులకి ముందునుంచీ మంచి అనుభవమే ఉంది కాబట్టి ఇది పెద్ద కష్టం కాదని ఆయన అనుకున్నాడు.

ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. మిగతా అందరికీ ఆయన దిండ్లాయనే. దిండ్లు, దుప్పట్లు, పరుపులు, కర్టెన్లు అమ్మే రెండో అంతస్తుకి ఇరవై ఆరేళ్ళుగా ఇన్‌ఛార్జి. ఒకప్పుడు ఆ సంస్థకి ఊరూరా కలిపి పదిహేను దుకాణాలుండేవి. ఇప్పుడు పదకొండు మిగిలాయి. వాటిలో ఇది అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా ఖాళీగా ఉండేది. కరెంటు ఆదా కోసం రెండో అంతస్తులో దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలిగించేవారు. ఆ వెలుగులో కొత్త దుప్పట్లు కూడా ఎవరో కప్పుకుని లేచినట్టు కనిపించేవి.

ఆ రోజు సంస్థ మూడు నెలల ఫలితాలు ప్రకటించే రోజు. పై అంతస్తు హాల్లో ఛైర్మన్ వాటాదార్లకీ పత్రికలవాళ్ళకీ లెక్కలు చదివి వినిపిస్తాడు. తరవాత అందర్నీ వెంటబెట్టుకుని ఒక్కో అంతస్తూ చూపిస్తూ కిందికి దిగుతాడు. ఈ కబురు తెలియగానే పెద్ద మేనేజరు ముందురోజు సాయంత్రం ఇన్‌ఛార్జీలందర్నీ తన గదిలో నిలబెట్టాడు.

"ఖాళీ దుకాణం వాళ్ళ కంటపడిందా, మన పని అయిపోయినట్టే. ఒక్కొక్కరు ఇరవై మందిని పట్టుకురండి. చుట్టాలో, పక్కింటివాళ్ళో, ఎవరో ఒకరు. కొనేవాళ్ళలా కనిపించాలి, అంతే. ఈ మాట బైటికి పొక్కితే మాత్రం మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు."

దిండ్లాయనకి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. యాభై రెండేళ్ళొచ్చాయి. దిండు ఒక్కసారి నొక్కి లోపల దూది ఎంతుందో, ఎంత పాతదో చెప్పగలడు. ఆ విద్యకి ఇంకో చోట జీతం ఇచ్చేవాళ్ళుంటారని ఆయనకి నమ్మకం లేదు.

పొద్దున్నే బూట్లు వేసుకుంటూ భార్యకి సంగతి చెప్పాడు. ఎడమ బూటు తాడు ఆ క్షణంలోనే తెగింది. ఆమె వెతికి వేరే తాడు తెచ్చి, తనే కట్టింది. కుడి బూటుకి నల్ల తాడు, ఎడమ బూటుకి గోధుమరంగు తాడు.

"మీ అక్కకి ఫోన్ చెయ్యి. మీ అక్కకి చెబితే ఊరందరికీ చెప్పినట్టే," అన్నాడు ఆయన.

"ఎందుకు రమ్మంటున్నామో చెప్పనా?"

"అక్కకి చెప్పు. మీ బావకి మాత్రం తెలియనివ్వకు. తెలిసిందంటే నేను బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంటాడు."

ఆ బావ అంటే దిండ్లాయనకి తోడల్లుడు. టైర్ల దుకాణం ఉంది. ఎప్పుడు కలిసినా భుజం మీద ఒక్కటి చరిచి "ఏం తమ్ముడూ, ఇంకా దిండ్లేనా?" అనడం ఆయనకి ఇరవై ఏళ్ళుగా అలవాటు. దిండ్లాయన ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు.

ఆయన బస్సెక్కగానే భార్య ఫోన్ అందుకుంది. "అక్కా, ఈయన ఉద్యోగం పోయేట్టుందే. పదకొండింటికల్లా మనవాళ్ళందర్నీ దుకాణం రెండో అంతస్తుకి రమ్మను. బావకి మాత్రం చెప్పకు."

అక్క ఆ మాట ఫోన్ పెట్టేసేదాకా నిలబెట్టుకుంది. "ఏమండీ, మన మరిదిగారి ఉద్యోగం పోయిందట. మీకు చెప్పొద్దంది. అందర్నీ పదకొండింటికి దుకాణానికి రమ్మంటోంది," అంది. పోయేట్టున్న ఉద్యోగం అలా వంటింట్లోంచి వరండాలోకి వచ్చేసరికి పోయింది.

అందరి నంబర్లూ ఉండేది దిండ్లాయన మేనత్త దగ్గర. తోడల్లుడు ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ అప్పుడు మిక్సీ తిప్పుతోంది.

"అత్తయ్యగారూ, మావాడి సంగతి తెలిసిందా? ఉద్యోగం పోయిందటండీ," అన్నాడు ఆయన.

"ఏంటయ్యా? వినపడ్డంలేదు."

"అదేనండీ, ఈ వయసులో అది పోతే ఇంకేముంది, మనిషి పోయినట్టే కదా!"

మేనత్త సరిగ్గా ఆ మాట దగ్గరే మిక్సీ ఆపింది. ఆవిడకి వినపడింది చివరి మూడు మాటలే.

"పోయాడా! ఎక్కడయ్యా?"

"ఎక్కడేంటండీ, దుకాణంలోనే. రెండో అంతస్తు. పదకొండింటికి అందర్నీ అక్కడికే రమ్మంటున్నారు."

"మొన్నటిదాకా నిక్షేపంలా ఉన్నాడు కదయ్యా!"

"ఇలాంటివి చెప్పి వస్తాయా అండీ," అన్నాడు తోడల్లుడు, నిజంగానే కాస్త బాధపడుతూ.

మేనత్త గోడకి చేరబడి కూచుని కాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని ఫోన్లు మొదలుపెట్టింది. ముప్పావు గంటలో కబురు చుట్టాలందర్నీ చుట్టి, తిరిగి తోడల్లుడి దగ్గరికే వచ్చింది. ఎవరో దూరపు పెదనాన్న ఫోన్ చేసి "మీ తమ్ముడు పోయాడటగా, పాపం, నిలబడ్డచోటే కూలిపోయాడట," అన్నాడు. తోడల్లుడి చేతిలో టీ ఒలికింది. భార్య తనతో ఉద్యోగం అని మాత్రమే ఎందుకంది? తను తట్టుకోలేడని మెల్లిమెల్లిగా చెబుదామనుకుందన్నమాట. పక్క గదిలో ఆమె కూడా ఎవరితోనో ఫోన్లో మాట్లాడి "అయ్యో, అది నాతో ఉద్యోగం అనే చెప్పిందే," అని ఏడుస్తోంది.

రూఢి చేసుకుందామని దిండ్లాయన భార్యకి ఫోన్ చేశారు. ఎంగేజ్. ఆమె ఇంకా ఇద్దరు తక్కువయ్యారని పక్కవీధి వాళ్ళని పిలుస్తోంది. దిండ్లాయనకే చేశారు. స్విచ్ఛాఫ్. హాల్లో ఎవరి ఫోన్లూ మోగకూడదని పెద్ద మేనేజరు ఆర్డరు. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

పై అంతస్తు హాల్లో రెండొందల కుర్చీలు వేశారు. ముప్పై ఒక్కమంది వచ్చారు. సభ అయిపోవస్తుండగా ముందుగా కిందికి పరిగెత్తి హెచ్చరించడానికి దిండ్లాయనని చివరి వరసలో కూచోబెట్టారు. ఛైర్మన్ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. క్రితం మూడు నెలల్లో వర్షాలు ఎక్కువై జనం బైటికి రాలేదట. ఈ మూడు నెలల్లో వర్షాలు లేక గొడుగులు అమ్ముడుపోలేదట. అమ్మకాలు పద్నాలుగు శాతం తగ్గాయి. అయితే క్రితంసారి పదహారు శాతం తగ్గాయి కాబట్టి తగ్గడమనేది తగ్గుముఖం పట్టిందని, ఇది శుభసూచకమని ఛైర్మన్ అన్నాడు. ముందు వరసలో ఒక ముసలి వాటాదారు చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక ముందుచూపు," అన్నాడు ఛైర్మన్, కాగితం తిప్పి. "ఖర్చులు తగ్గించుకోడానికి ఈ దుకాణంలో రెండో అంతస్తును మొదటి అంతస్తులో విలీనం చేస్తున్నాం."

అంటే దిండ్లు కిందికి దిగి గిన్నెల పక్కన చేరతాయి. దిండ్లాయన ఎక్కడ చేరతాడో ఆ కాగితంలో లేదు. పెద్ద మేనేజరు వేదిక పక్కనుంచి వెళ్ళమని కళ్ళతో సైగ చేస్తున్నాడు. ఆయన లేచి, తలుపు మెల్లిగా తీసి, సిబ్బంది మెట్ల మీదుగా దిగాడు. దిగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఛైర్మన్ వచ్చేసరికి అంతస్తు నిండా జనం ఉంటే, మనసు మార్చుకుంటాడేమో.

మెట్లు గోడౌన్లోకి తెరుచుకుంటాయి. గోడౌన్ దాటితే కర్టెన్ల విభాగం. అక్కడికి రాగానే ఆయనకి ఏడుపులు వినిపించాయి. కర్టెన్ల సందులోంచి చూశాడు. నలభై మంది పైనే ఉన్నారు. మేనత్త, పెదనాన్నలు, పిన్నులు, ఎప్పుడో పెళ్ళిళ్ళలో తప్ప కనిపించని దాయాదులు, అందరూ మధ్యలో ఉన్న డబుల్ కాట్ చుట్టూ మూగారు. సార్ ఎప్పుడూ అక్కడే నిలబడేవారని సేల్స్ అమ్మాయి చూపించిందట. శవాన్ని అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటారని ఎవరికివారే అనుకున్నారు. ఆ అమ్మాయి కూడా ఏడుస్తోంది. తొమ్మిదిన్నరకి తనకి సెలవు లేదు పొమ్మన్న మనిషి పదకొండుకల్లా లేకుండా పోయాడంటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. కాట్ మీద 'భారీ తగ్గింపు' అట్టముక్క పక్కన ఎవరో ఒక పూలగుత్తి పెట్టారు.

దిండ్లాయనకి విషయం అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమైన వెంటనే బైటికి వచ్చేసేవాడే. ఒక చెయ్యి కర్టెన్ మీద వేశాడు కూడా. సరిగ్గా అప్పుడు తోడల్లుడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇరవై ఏళ్ళు వాణ్ణి నేను ఆటపట్టించాను. ఒక్కనాడు ఎదురు మాట అనలేదు. నేను కొట్టు పెట్టిన కొత్తల్లో దివాళా తీయబోతే, అడక్కుండానే వచ్చి, వారం రోజులు నా పక్కన కూచున్నాడు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. సిగ్గేసింది." తోడల్లుడు కాట్ మీద చెయ్యి వేశాడు. "మనలో వాడంత మనిషి లేడు."

దిండ్లాయన చెయ్యి కర్టెన్ మీదే ఉండిపోయింది. ఆ మాటలు తనకోసమే అని నమ్మడం కష్టంగా ఉంది. ఇంకొక్క నిమిషం ఆగుదామనుకున్నాడు. తోడల్లుడి తరవాత ఒక పిన్ని అందుకుంది, తరవాత ఒక పెదనాన్న. తన గురించి ఇన్ని మంచి మాటలు ఆయన ఏనాడూ వినలేదు. తను వెళ్ళి నిలబడితే ఇవన్నీ ఆగిపోతాయి. ఆ ఒక్క నిమిషమే ఆయన కొంప ముంచింది.

పైనుంచి ఛైర్మన్ బృందం దిగుతోంది. నాలుగో అంతస్తులో అక్కడి ఇన్‌ఛార్జి తన ముగ్గురు బావమరుదుల్నే రకరకాల టోపీలు మార్చి మార్చి తిప్పుతున్నాడు. ఒక విలేకరి అది కనిపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంది. మూడో అంతస్తులో ఎవరూ లేరు. పెద్ద మేనేజరు చెమటలు కక్కుతూ రెండో అంతస్తు తలుపు తెరిచాడు. ఆ గుంపుని చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తరవాత ఏడుపులు వినపడ్డాయి. జనం ధర చూసి ఏడవడం ఆయన చూశాడు గానీ, ఇంతగా ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందమ్మా?" అని ఛైర్మన్ మేనత్తని అడిగాడు.

"ఏమవడమేంటి బాబూ! మీ దుకాణానికి ఇరవై ఆరేళ్ళు ఊడిగం చేసి, మావాడు ఇక్కడే పోయాడు. ఈ అంతస్తుకి ఇన్‌ఛార్జి."

ఇరవై ఆరేళ్ళలో ఛైర్మన్ ఆ అంతస్తులో అడుగు పెట్టడం అదే మొదలు. ఆయన టై సరిచేసుకున్నాడు. విలేకరి ముందుకొచ్చింది.

"ఇతని అంతస్తే కదా సార్, ఇందాక పైన తీసేస్తామన్నారు? ఆ మాట వినే పోయాడా?"

"అది... అది ఒక ఆలోచన మాత్రమే," అన్నాడు ఛైర్మన్. "ఏం మేనేజరుగారూ, నాకెందుకు చెప్పలేదు?"

పెద్ద మేనేజరు బుర్ర గిర్రున తిరిగింది. పావుగంట కిందట దిండ్లాయనని హాల్లో తన కళ్ళతో చూశాడు. పావుగంటలో మనిషి పోవచ్చు. కానీ పావుగంటలో మేనత్తలు రారు. మొహం తుడుచుకునే నెపంతో ఆయన వెనక్కి, కర్టెన్ల దాకా జరిగాడు.

"సార్, నేనిక్కడే ఉన్నాను," అంది కర్టెన్.

పెద్ద మేనేజరు తల తిప్పకుండానే పళ్ళ సందునుంచి అన్నాడు. "కదలకు. నువ్వు పోయావు. కాసేపు పోయే ఉండు."

"సార్, మా వాళ్ళు ఏడుస్తున్నారు."

"నువ్వు బతికున్నావంటే ఈ నలభై మందీ ఎవరు, ఎందుకొచ్చారని అడుగుతారు. నీతోపాటు నేనూ పోతాను." అని, గొంతు పెంచి, "అవును సార్, ఇప్పుడే తెలిసింది. చాలా విచారకరం," అన్నాడు ఛైర్మన్‌తో. కర్టెన్ కదలకుండా దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

సరిగ్గా ఆ సమయానికి ఆగిపోయి ఉన్న ఎస్కలేటరు ఎక్కి దిండ్లాయన భార్య వచ్చింది. కొనడానికి వచ్చినదానిలా కనిపించాలని ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుంది. చేతిలో ఖాళీ సంచి ఉంది. అంతమందిని చూసి మొదట ఆమె మొహం వెలిగింది.

"ఇంతమందా!" అంది సంతోషంగా.

అక్క వచ్చి ఆమెని కావలించుకుని బావురుమంది. "నీకింకా ఎవరూ చెప్పలేదటే! మరిదిగారు పోయారే!"

దిండ్లాయన భార్య నవ్వబోయింది. అక్క మొహం చూసింది, మేనత్తని చూసింది, కాట్ మీద పూలు చూసింది. పొద్దున పథకం తనే నడిపింది గానీ, ఇంతమంది ఇంత నిజంగా ఏడుస్తుంటే, పథకం ప్రకారం అందరూ ఉండి ఆయనొక్కడే లేకపోతే, ఆమెకి లోపల ఏదో తెగింది. చేతిలో సంచి జారిపోయింది. కాట్ అంచు పట్టుకుని నేల మీద కూలబడి, నోరు తెరిచింది గానీ చాలాసేపు శబ్దం రాలేదు. వచ్చాక ఆ శబ్దానికి అప్పటిదాకా ఏడ్చినవాళ్ళందరూ ఏడుపు ఆపేశారు.

కర్టెన్ వెనకాల దిండ్లాయన ఇక ఆగలేకపోయాడు. బైటికి రాబోయాడు. పెద్ద మేనేజరు వీపు గోడలా అడ్డం ఉంది. తోశాడు, కదల్లేదు. ఏమీ తోచక నేల మీద చతికిలబడి, రెండు కాళ్ళూ కర్టెన్ కిందనుంచి బైటికి చాచి, బూట్లు ఆడించాడు.

నేల మీద కూచున్న మనిషికి నేల మీదివే కనిపిస్తాయి. నీలం కర్టెన్ కింద రెండు బూట్లు కదులుతున్నాయి. ఒకదానికి నల్ల తాడు, ఒకదానికి గోధుమరంగు తాడు.

ఆమె ఏడుపు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఈసారి మునుపటికన్నా గట్టిగా. "ఎంత పని చేశారండీ! నన్ను ఇంతమందిలో ఇలా నిలబెడతారా! మీకు చేతులెలా వచ్చాయండీ!" ఇంటికి రండి చెప్తాను అనే మాట మాత్రం నోట్లోనే ఆపుకుంది. వింటున్నవాళ్ళు మళ్ళీ ఏడుపు అందుకున్నారు. ఛైర్మన్ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విలేకరి పెన్ను ఎత్తి ఆయనకేసే చూస్తోంది.

"ఈ అంతస్తును తీసెయ్యం," అన్నాడు ఛైర్మన్, పెన్నుకేసి చూస్తూ. "ఆయన స్థానంలో ఇకనుంచి ఈమే ఇన్‌ఛార్జి. మా సంస్థ ఒక కుటుంబం."

దిండ్లాయన భార్య మొహం మీదినుంచి చెయ్యి తీసింది. "ఎప్పట్నించి రమ్మంటారండీ?" అంది.

అక్క ఉలిక్కిపడి చెల్లెలికేసి చూసింది.

బృందం మొదటి అంతస్తుకి దిగిపోయాక పెద్ద మేనేజరు కర్టెన్ వదిలాడు. దిండ్లాయన బైటికి వచ్చాడు. మేనత్త కెవ్వుమని డబుల్ కాట్ మీద పడిపోయింది. ఆ కాట్ మీద ఆ ఏడు ఎవరైనా పడుకోవడం అదే మొదలు. మొహాన నీళ్ళు చల్లి లేపి, సంగతంతా చెప్పేసరికి, అందరికీ సంతోషం వెయ్యాల్సింది పోయి కోపం వచ్చింది. ఒకాయన పని మానుకుని వచ్చాడు. ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చింది. అందరికన్నా మండిపోయింది తోడల్లుడికి.

"అన్నీ వింటూ అక్కడే ఉన్నావా?"

"రాబోయాను అన్నయ్యగారూ. మీరు అంత బాగా మాట్లాడుతుంటే మధ్యలో రావడానికి మనసొప్పలేదు."

"అందరి ముందూ అంత పొగిడాక ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను," అని తోడల్లుడు పూలగుత్తి కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్ద మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. రాజీనామా. తేదీ నిన్నటిది. "ఒక అంతస్తుకి ఇద్దర్ని సంస్థ భరించలేదు. పైగా రేపు పేపర్లో పడుతుంది. ఆ తరవాత నువ్విక్కడ తిరిగితే ఏమని చెప్పను?" దిండ్లాయన ఇరవై ఆరేళ్ళు నిలబడ్డ కౌంటరు మీద ఆ కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. ఎవరూ ఏడవలేదు. ఏడవాల్సినదంతా అప్పటికే ఏడ్చేశారు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆమె కిటికీ పక్కన కూచుంది. ఆయనే అడిగాడు.

"నిజంగానే ఏడ్చావా?"

"బూట్లు కనిపించేదాకా," అంది ఆమె, కిటికీలోంచి చూస్తూనే. కాసేపటికి ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకెప్పుడూ అలా దాక్కోకండి," అంది.

ఆమె సోమవారం చేరింది. జీతం ఆయనకిచ్చినదాంట్లో మూడింట రెండొంతులు. పేపర్లో చదివినవాళ్ళు ఆమెని చూడ్డానికే వచ్చేవాళ్ళు. చూశాక, ఏమీ కొనకుండా వెళ్ళడానికి మొహం చెల్లక ఒక దిండో దుప్పటో పట్టుకెళ్ళేవాళ్ళు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పేది కాదు, ఎవర్నీ ఓదార్చేది కాదు, బిల్లు చేసేది. ఆ పక్క వీధిలోకి కూడా రావద్దని పెద్ద మేనేజరు కబురు పంపడంతో, దిండ్లాయన ఇంట్లోనే ఉండి వంట నేర్చుకున్నాడు. అంత బాగా రాలేదు.

మూడు నెలలు గడిచాయి. సంస్థ ఇంకో మూడు దుకాణాలు మూసేసింది. మిగిలిన ఎనిమిదింటిలోనూ అమ్మకాలు తగ్గాయి. పెరిగింది ఒక్క రెండో అంతస్తులోనే. ఫలితాల ప్రకటన పేపర్లో మూడో పేజీలో చిన్న అక్షరాల్లో వేశారు. ఆ ఉదయం భార్య పనికి వెళ్ళాక దిండ్లాయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని ఆసాంతం చదివాడు. చివర్లో ఒక వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి చదివాడు. 'ఈ విభాగం పుంజుకోడానికి ప్రధాన కారణం, గతంలో ఉన్న ఇన్‌ఛార్జి ఇప్పుడు లేకపోవడం' అని ఉంది.

ఇరవై ఆరేళ్ళు పనిచేసినా, సంస్థ ఫలితాల్లో ఆయన ప్రస్తావన రావడం అదే మొదటిసారి.